పది నెలలు

సఖినేటిపల్లి రేవు దారిలో
జిరాక్సులూ లామినేషనూ కరెంటు బిల్లులూ నావే.
ఈ ఊళ్ళో ఎవరెప్పుడు పుట్టారో
వాళ్ళ అమ్మల తర్వాత నాకే తెలుసు.
అమ్మల లెక్కా నా లెక్కా ఒకటి కాదు, అంతే.

సాయంత్రం నేలపూడి కెజియా వచ్చింది.
ఇంటిపేరులో నేల పెట్టుకుని
విమానంలో ఉద్యోగానికి ఫారం నింపమంది.

ఫారం ముందు ఎత్తు అడిగింది.
వాళ్ళమ్మ సువార్తమ్మ లేసు సంచి విప్పి
టేబులుగుడ్డలు కొలిచే టేపు తీసింది.
చెప్పులు విడిచి గుమ్మానికి ఆనుకుంది పిల్ల.
పెన్సిలుతో గీత గీశాను.
నూట యాభై ఎనిమిది. చాలు, ఇంకా మూడు మిగులు.

పళ్ళు, చూపు, ఇంటర్ మార్కులు,
కనిపించే చోట పచ్చబొట్టు లేదు.
ఈత వచ్చా అని అడిగితే
తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకుని నవ్వారు.

పుట్టినతేదీ దగ్గర
గడి ఎర్రబడింది.

పద్దెనిమిది నిండాలి.
ఇరవై ఏడు దాటకూడదు.
ఈ రెండు గట్ల మధ్యే పారాలి ఎవరైనా.

"నిండాయి కదండీ" అంది సువార్తమ్మ.
"లంక మునిగిన ఏడు, శ్రావణంలో
బడి డాబా మీద కన్నాను దీన్ని.
బొడ్డు కోసిన బ్లేడు
పులిహోర పొట్లాలతో పాటు పడవలో వచ్చింది.
నీళ్ళు నిలబడిన గీత ఇంకా ఉంది గోడ మీద,
వచ్చి చూసుకోమనండి."

వరద గీత అప్‌లోడ్ చేసే చోటు
ఫారంలో లేదు.

టెన్త్ సర్టిఫికెట్టులో ఆ మరుసటేడు జూన్ పది.
బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరుగారు, దయగల మనిషి,
"రేపు గవర్నమెంటు ఉద్యోగమొస్తే
పది నెలలు కలిసొస్తాయమ్మా" అని
చివర కలపడానికి మొదట్లో కోశారు,
కుచ్చిళ్ళలో గుడ్డ తీసి కొంగుకి అతికినట్టు.

జూన్‌ని కిందటి ఆగస్టు చెయ్యడం
నా మౌసుకి రెండు నిమిషాల పని.
చెయ్యనా అని అడగలేదు. చెయ్యి మాత్రం ఆగింది.
కెజియా ఆ చేతినే చూసింది.
"వద్దన్నా. ఉన్న అబద్ధం చాలు."

ఏడేళ్ళప్పుడు లేసు సూది ఇచ్చి కూర్చోబెట్టారు దాన్ని.
సూది ఏమీ అడగలేదు.
రొయ్యల షెడ్డులో పద్నాలుగని చెప్తే
పద్దెనిమిదని రాసుకున్నాడు మేస్త్రీ.
అక్కడ పెంచారు, ఇక్కడ తగ్గించారు,
ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు.

ఆదివారాలు పంటు మీద
వాళ్ళ నాన్న తాడు విసురుతుంటే
టిక్కెట్లు ఈ పిల్లే చింపుతుంది.
ముసలమ్మలకి చెయ్యి అందిస్తుంది.
బైకుల్ని మధ్యకి జరిపిస్తుంది.
కడుపులో తిప్పేవాళ్ళకి ఉప్పద్దిన నిమ్మచెక్క.
ఏడ్చే పిల్లాడికి
అదిగో అదిగో అని అవతలి గట్టు.
అలల మీద పంటు ఊగినప్పుడు
అందరూ ముందు దీని మొహమే చూస్తారు,
నవ్వుతుంటే సర్దుకుంటారు.
మాధవాయిపాలెం రేవు తగిలేదాకా
ఒక్కరూ వయసు అడిగిన పాపాన పోలేదు.

"ఇంకెన్నాళ్ళు ఆగాలంట?"
వేళ్ళ మీద లెక్కపెట్టాను. సెప్టెంబరు నుంచి జూన్.
"తొమ్మిది నెలలమ్మా."
సువార్తమ్మకి ఆగని నవ్వు, కళ్ళు తుడుచుకునేంత.
"నా వంతు నేను మోశానండీ.
ఇక కాగితాన్ని మొయ్యమనండి."

ఫారాన్ని సగంలో దాచాను.
వద్దంటున్నా ఇరవై రూపాయలు
స్టేప్లరు కింద పెట్టి వెళ్ళారు.
ఆఖరి పంటు హారను కొట్టింది.

మా నాన్న నాకూ రెండేళ్ళు తగ్గించి రాయించాడు.
వాటిని కలుపుకునే ఉద్యోగం రానే లేదు.
ఎక్కడో ఉండాలి ఆ రెండేళ్ళూ
ఖర్చు కాకుండా.

లైటు తీసేసి
గుమ్మం మీది పెన్సిలు గీత పక్కన
కాసేపు నిలబడ్డాను,
చెప్పులు విడిచి.